వీధి సంఘం: ఇళ్లూ అంగళ్లూ కలిసి నడిపే పద్ధతి (బెంగళూరు తెలుగువాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి)

మారతహళ్లి, మున్నేకొళాల, కుందలహళ్లి, హూడి, కేఆర్ పురం వైపు ఏ 30 అడుగుల రోడ్డులోకి వెళ్లినా ఇంచుమించు ఒకే వరస. కింద కిరాణా అంగడి, పక్కన కర్రీ పాయింట్, మీద నాలుగంతస్తుల పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్), ఎదురుగా ఇస్త్రీ బండి, మూలన మెడికల్ షాపు. వాటి మధ్యలో ఎప్పుడో సైటు కొని ఇల్లు కట్టుకున్న కుటుంబాలు. ఇలాంటి వీధుల్లో సంఘం పెట్టడం కష్టం కాదు, మూడో ఏడు దాకా బతికించడమే కష్టం. ఎక్కువ సంఘాలు ఒకే కారణంతో పడిపోతాయి. సొంతిళ్లవాళ్లు మాత్రమే చేరి, అంగళ్ల మీద ఫిర్యాదులు రాయడమే పనిగా పెట్టుకుంటారు. అంగళ్లవాళ్లు తమ దారి తాము చూసుకుంటారు. చివరికి మిగిలేది ఒక వాట్సాప్ గ్రూపు.

ఇక్కడ చెప్పే పద్ధతిలో అంగళ్లవాళ్లు, పీజీ నడిపేవాళ్లు, అద్దెకుండేవాళ్లు మొదటి రోజు నుంచే సభ్యులు. పొద్దున ఏడింటికి షట్టరు ఎత్తి రాత్రి పదకొండుకు దించే మనిషికి ఆ వీధి గురించి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. చెత్త ఎవరు పడేస్తున్నారో, మురుగు ఎప్పుడు పొంగుతుందో, లైటు ఏ రోజు ఆరిపోయిందో ఆయన్నే అడగాలి.

హద్దు, లెక్క

ముందు హద్దు గీయండి. 150 నుంచి 250 గడపలు సరిపోతాయి. అంతకు మించితే సమావేశానికి వచ్చేవాళ్లకు ఒకరికొకరు తెలియరు, బాగా తగ్గితే పని చేసేవాళ్లు దొరకరు. రెండు పెద్ద రోడ్ల మధ్య ఉన్న నాలుగైదు క్రాస్‌లను (అడ్డవీధులను) ఒక సంఘంగా పెట్టుకోవడం సులువు. హద్దు మొత్తం ఒకే వార్డులో ఉండేలా చూసుకోండి. 2025 సెప్టెంబరు 2న పాత నగర పాలక సంస్థ బీబీఎంపీ స్థానంలో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, పైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ ఏర్పడింది. మహదేవపుర, కేఆర్ పురం ఇప్పుడు బెంగళూరు తూర్పు కార్పొరేషన్ కిందివి. వార్డుల సరిహద్దులు కూడా మారాయి కాబట్టి పాత వార్డు నంబరుతో అర్జీ ఇస్తే అది తప్పు బల్ల మీదికి చేరుతుంది.

తర్వాత వీధంతా నడిచి లెక్క రాయండి. ఒక నోటుబుక్కు, 5 మీటర్ల టేపు, ఫోను చాలు. ఈ నడక రెండుసార్లు ఉండాలి: ఒకసారి పొద్దున 7కి, ఒకసారి రాత్రి 8:30కి. ఒకే వీధి ఈ రెండు వేళల్లో రెండు రకాలుగా ఉంటుంది. పొద్దున చెత్త కుప్పలు, నీళ్ల ట్యాంకర్లు, స్కూలు బస్సులు కనిపిస్తాయి. రాత్రి ఆరిన లైట్లు, అడ్డదిడ్డంగా పెట్టిన బైకులు, తిండి బండ్ల దగ్గర జనం. ప్రతి అంగడికీ రాసుకోవాల్సినవి ఇవి: ఏం వ్యాపారం, తెరిచే వేళ, మూసే వేళ, చెత్త ఎప్పుడు బయట పెడతారు, సరుకు బండి ఎన్నింటికి వస్తుంది, వాళ్లకు ఉన్న పెద్ద ఇబ్బంది ఏమిటి. ఆ చివరి ప్రశ్న మరిచిపోకండి. ఫిర్యాదు చేయడానికి వచ్చారనుకుని ముఖం ముడుచుకున్న మనిషి అక్కడ మాట కలుపుతాడు. లైటు స్తంభాల మీద నంబర్లుంటాయి, అవన్నీ ఎక్కించండి. తర్వాత బాగా పనికొస్తాయి.

మొదటి సమావేశం

ఆదివారం పొద్దున పదింటికి పెడితే ఇళ్లవాళ్లే వస్తారు. అది అంగళ్లకు మంచి బేరం వేళ. ఆదివారం సాయంత్రం 4 గంటలు నయం: మెస్‌లో మధ్యాహ్నం భోజనాలు అయిపోయి ఉంటాయి, రాత్రి వంట ఇంకా మొదలుకాదు. 75 నిమిషాలకు మించనివ్వకండి. చోటు ఎవరి ఇల్లూ కాకుండా గుడి అరుగో, స్కూలు వరండానో, ఖాళీ సైటో అయితే మంచిది. ఫలానావాళ్ల ఇంట్లో పెట్టిన సంఘం ఫలానావాళ్ల సంఘమే అవుతుంది.

భాష మాట. ఈ వీధుల్లో తెలుగు జోరుగా నడుస్తుంది కాబట్టి సమావేశం తెలుగులోకి జారిపోవడం చాలా సహజం. అలా జారనివ్వకండి. కన్నడ కుటుంబాలు, తమిళం, హిందీ మాట్లాడేవాళ్లు రెండో సమావేశానికి రావడం మానేస్తారు. మాటలు ఏ భాషలో సాగినా మినిట్స్ కన్నడలో రాయించండి. కార్పొరేషన్‌లో, పోలీస్ స్టేషన్‌లో, రిజిస్ట్రార్ ఆఫీసులో చెల్లుబాటయ్యే కాగితం అదే. కన్నడ రాయగల స్థానిక కుటుంబం నుంచి ఒకరిని కార్యదర్శిగానో సహ కార్యదర్శిగానో పెట్టుకోవడం మర్యాదా, పనికీ అనుకూలం. తెలుగు సంఘం పండగలకు వేరే ఉండొచ్చు. వీధి సంఘం వీధిది.

మొదటి సమావేశంలో మూడే తేల్చండి: హద్దు, తాత్కాలిక కమిటీ, ముప్పై రోజుల్లో అయ్యే ఒక్క పని. ఆ పని చిన్నది, కంటికి కనిపించేది కావాలి. ఆరిన లైట్లు వెలిగించడం, విరిగిన డ్రైన్ పలక మార్పించడం లాంటివి. రోడ్డు వెడల్పు, మెట్రో, ట్రాఫిక్ వంటివి నెత్తినేసుకుంటే మూడు నెలల్లో నీరసం వస్తుంది.

నియమావళి

సంఘాల గొడవలు చాలావరకు ఇక్కడే పుడతాయి, ఇక్కడే నివారించవచ్చు. ఈ ఐదు విషయాలు రాతలో ఉండాలి.

ఎవరు సభ్యులు? హద్దులో ఉండే 18 ఏళ్లు దాటిన ప్రతివారూ, సొంతిల్లయినా అద్దిల్లయినా. హద్దులో వ్యాపారం చేసే ప్రతివారూ, వాళ్ల ఇల్లు వేరే చోట ఉన్నా సరే. గడపకు ఒక ఓటు, అంగడికి ఒక ఓటు. పీజీకి యజమాని తరఫున ఒకటి, అక్కడ ఉండేవాళ్ల తరఫున ఒకటి.

చందా ఎంత? ఇంటికి నెలకు 50, అంగడికి 100 రూపాయలు పెట్టుకోవచ్చు. ఎక్కువ కట్టినవారికి ఎక్కువ ఓట్లు మాత్రం ఇవ్వకండి. ఒక పెద్ద పీజీ యజమాని ఏడాది చందా మొత్తం తానే కడతానని ముందుకొస్తే మర్యాదగా వద్దనండి. మరుసటి నెల ఆయన నీళ్ల ట్యాంకర్ మోత గురించి ఎవరూ నోరెత్తలేరు.

కమిటీ ఎలా? 11 మంది అయితే ఐదుగురు సొంతిళ్లవాళ్లు, ఇద్దరు అద్దెవాళ్లు, ముగ్గురు అంగళ్లవాళ్లు, ఒకరు పీజీల నుంచి. పదవీకాలం రెండేళ్లు, ఒకే పదవిలో వరసగా రెండు దఫాలకు మించి వద్దు.

సొంత లాభం ఉన్న చోట ఏం చేయాలి? ఎవరి అంగడి గురించి చర్చ వస్తే వాళ్లు మాట్లాడవచ్చు, ఓటు వేయకూడదు. సొంత అంగడి ఎదురుగా ఇంకో అంగడి రాకుండా సంఘం లెటర్‌హెడ్ వాడుకోవడం బాగా చూసే జబ్బు. ఈ ఒక్క నియమం దాన్ని ఆపుతుంది.

లెటర్‌హెడ్, ముద్ర ఎవరి చేతిలో? కార్యదర్శి దగ్గర. ప్రతి ఉత్తరం మీద ఇద్దరి సంతకాలు, ఉత్తరాల రిజిస్టరులో వరస నంబరు. ఏ పార్టీకీ, ఏ అభ్యర్థికీ సంఘం పేరుతో మద్దతు ఉత్తరం ఉండదని కూడా రాయండి.

రిజిస్ట్రేషన్

ఒక్క అపార్ట్‌మెంట్ అయితే దారి వేరు, దానికి 1972 నాటి కర్ణాటక అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం ఉంది. వీధులు, లేఅవుట్లు, అంగళ్లు కలిసిన సంఘానికి సరైనది కర్ణాటక సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 1960. కనీసం ఏడుగురు కావాలి. సంఘం పేరు, ఆశయాలు, పాలకమండలి పేర్లు, చిరునామాలు, వృత్తులు ఉన్న మెమొరాండం, దానికి జతగా నియమావళి, ఏడుగురి గుర్తింపు కాగితాలు, సంఘం చిరునామాకు ఆ ఇంటి యజమాని ఇచ్చే సమ్మతి పత్రం సిద్ధం చేసుకుని సహకార శాఖ కింద పనిచేసే జిల్లా సొసైటీల రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. ఇక్కడి వాడుకలో ఇలాంటి సంఘాలను 'నివాసిగళ క్షేమాభివృద్ధి సంఘ' అంటారు. మీది 'నివాసిగళ మత్తు వ్యాపారిగళ క్షేమాభివృద్ధి సంఘ' (కన్నడలో 'మత్తు' అంటే 'మరియు') అని పెట్టుకుంటే అంగళ్లవాళ్ల చోటు పేరులోనే ఖాయమవుతుంది. అదే పేరుతో ముందే వేరే సంఘం ఉంటే కాగితం తిరిగొస్తుంది, కాబట్టి మూడు పేర్లు రాసుకుని వెళ్లండి.

రిజిస్ట్రేషన్ చేతికొచ్చాక సంఘం పేరు మీద పాన్, ఆ తర్వాత బ్యాంకు ఖాతా. ఖాతా తెరవమని కమిటీ చేసిన తీర్మానం నకలు బ్యాంకు అడుగుతుంది. రిజిస్ట్రేషన్ కోసం పనులు ఆపుకోనక్కర్లేదు. ఒక లైటు గురించి అర్జీ ఇవ్వడానికి ఏ సర్టిఫికెట్టూ అవసరం లేదు.

ఏ పని ఎవరిది

అర్జీలు మూలనపడటానికి మొదటి కారణం నిర్లక్ష్యం అనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం తప్పు ఆఫీసు.

వీధి లైటు కార్పొరేషన్ విద్యుత్ విభాగానిది, కరెంటు సరఫరా చేసే బెస్కాంది కాదు. ట్రాన్స్‌ఫార్మర్, వేలాడే కరెంటు తీగ, ఇంటి సరఫరా మాత్రం బెస్కాం చూసుకుంటుంది, నంబరు 1912. మ్యాన్‌హోల్ నుంచి మురుగు పొంగితే నీటి బోర్డు, అంటే బీడబ్ల్యూఎస్‌ఎస్‌బీ, 1916. రోడ్డు పక్కన వాననీటి కాలువ పూడితే కార్పొరేషన్. ఈ రెండూ ఒకేసారి పొంగినప్పుడు ఇద్దరికీ విడివిడిగా ఫిర్యాదు పెట్టండి, ఒకరు ఇంకొకరి మీదికి తోయడానికి వీలుండదు. గుంతలు, పలకలు వార్డు అసిస్టెంట్ ఇంజినీరు పని, హోటళ్ల శుభ్రత ఆరోగ్య విభాగం పని. నో పార్కింగ్ బోర్డులు, అడ్డంగా పెట్టిన బండ్లు ట్రాఫిక్ పోలీసులవి, ఫొటోతో చెప్పడానికి వాళ్ల 'అస్త్రం' యాప్ ఉంది. చెట్ల కొమ్మలు కార్పొరేషన్ అటవీ విభాగానివి. కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1533. గొడవ, అత్యవసరం అయితే 112.

ఈ పట్టికను ఒక కాగితం మీద కన్నడలో, తెలుగులో అచ్చు వేసి ప్రతి అంగడి గోడకీ అంటించండి. సంఘం సగం పనులు అక్కడే తీరిపోతాయి.

చెత్త: ఎందుకు కుప్ప పడుతుందో ముందు చూడండి

చెత్త తీసుకెళ్లే ఆటో టిప్పర్ వీధిలోకి పొద్దున వస్తుంది. చాలా అంగళ్ల షట్టర్లు పదింటికి లేస్తాయి. కర్రీ పాయింట్ చెత్త రాత్రి పదకొండుకు తయారవుతుంది. రాత్రి షిఫ్టు చేసిన కుర్రాళ్లు టిప్పర్ వచ్చేసరికి నిద్రలో ఉంటారు. వీళ్ల చెత్తకు వెళ్లే దారి లేదు కాబట్టి అది ఖాళీ సైటు మూలకు చేరుతుంది. అదే బ్లాక్ స్పాట్. బోర్డు పెట్టడం, కెమెరా పెట్టడం, తిట్టడం ఈ వేళల తేడాను సరిచేయవు.

చేయాల్సింది ఇలా. ఏడు రోజుల పాటు తిండి అంగళ్లన్నీ తమ చెత్తను తూచి రాయాలి, తడి వేరు, పొడి వేరు. రోజుకు 100 కిలోలు దాటితే ఆ అంగడి బల్క్ ఉత్పత్తిదారు (పెద్ద మొత్తంలో చెత్త వచ్చే చోటు) లెక్కలోకి వస్తుంది, తన చెత్తకు తానే ఏర్పాటు చేసుకోవాలి. అంతకంటే తక్కువ ఉన్నవాళ్ల మొత్తం లెక్క చేతిలో పెట్టుకుని, వాణిజ్య చెత్తకు రాత్రి లేదా మధ్యాహ్నం ఒక ట్రిప్పు కావాలని బెంగళూరు ఘన వ్యర్థాల నిర్వహణ సంస్థ వార్డు సిబ్బందిని అడగండి. 'మా వీధిలో చెత్త ఎక్కువగా ఉంది' అనే అర్జీకీ 'తొమ్మిది తిండి అంగళ్లు, రోజుకు ఇన్ని కిలోల తడి చెత్త, రాత్రి 10:30 నుంచి 11:15 మధ్య సిద్ధంగా ఉంటుంది' అనే అర్జీకీ జవాబు వేరుగా ఉంటుంది. 2025 ఏప్రిల్ నుంచి చెత్త రుసుము ఆస్తి పన్నుతో పాటే వసూలవుతోంది. అద్దెవాళ్లకు ఈ సంగతి తెలియక టిప్పర్ మనకోసం కాదనుకుంటారు.

ఇంట్లో వేరు చేసే పద్ధతి ఇక్కడ స్థిరపడినదే: తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట, శానిటరీ, ఇతర మిగులు చెత్తకు ఎర్ర బుట్ట, పొడి చెత్తకు సంచి. పీజీలో ఒక్కో అంతస్తులో ఈ మూడూ ఉండాలి. కింద గేటు దగ్గర ఒక్కటే పెద్ద డ్రమ్ము పెడితే అన్నీ కలిసిపోతాయి, టిప్పర్ మేస్త్రీ తీసుకోడు, డ్రమ్ము సైటులోకి ఒంపుతారు.

ఇక బ్లాక్ స్పాట్‌ను మూయడం. సాయంత్రం జేసీబీతోనో, పౌరకార్మికులతోనో (పారిశుద్ధ్య కార్మికులతోనో) శుభ్రం చేయించి, అదే రాత్రి నేల కడిగి, ముగ్గు వేసి, రెండు పూలకుండీలు పెట్టండి. తర్వాత మూడు వారాల పాటు పొద్దున 5:30 నుంచి 8 వరకు, రాత్రి 9:30 నుంచి 11:30 వరకు ఇద్దరిద్దరు నిలబడాలి. పొద్దున ఇళ్లవాళ్లు, రాత్రి అంగళ్లవాళ్లు. సంచి పట్టుకొచ్చినవాళ్లతో వాదించొద్దు, టిప్పర్ వేళ రాసిన చీటీ చేతికిచ్చి సంచి వెనక్కి పంపండి. మొదటి వారంలో ఆపేస్తే కుప్ప మళ్లీ వస్తుంది. ఎనిమిదో రోజున ఒక సంచి పడితే పదో రోజుకు పది పడతాయి, అందుకే ఆ ఒక్క సంచిని గంటలోపు తీసేయాలి.

పౌరకార్మికులకు మంచినీళ్లు, వాడుకోవడానికి ఒక టాయిలెట్ ఏ అంగడి దగ్గర దొరుకుతాయో తేల్చి వాళ్లకు చెప్పండి. ఇది దయ అనుకోకండి, బాకీ అనుకోండి.

ఫుట్‌పాత్, బండ్లు

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం నడిచేవాళ్లకు అడ్డు లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి. టేపు పెట్టి కొలవండి. ఎక్కడ తగ్గిందో, దేని వల్ల తగ్గిందో రాయండి. కొలిస్తే ఒక సంగతి బయటపడుతుంది: అంగడి మెట్ల కంటే ఇళ్ల ర్యాంపులు, పూలమొక్కల కోసం కట్టిన గోడలు ఎక్కువ చోటు తినేసి ఉంటాయి. ఆ లెక్క సమావేశంలో అందరి ముందూ చదవండి. ఇళ్లవాళ్లు తమ ర్యాంపు తగ్గించుకోకుండా అంగడివాణ్ని స్టాండు లోపల పెట్టమంటే వినడు, వినాల్సిన పనీ లేదు.

అధికారులు వచ్చి తొలగించి వెళ్లిన మూడో రోజుకు అన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. కారణం బైకులు. అంగడికి వచ్చేవాళ్ల, పీజీ కుర్రాళ్ల, డెలివరీ వాళ్ల బైకులకు చోటు లేనంత కాలం ఫుట్‌పాతే పార్కింగు. ముందు చోటు వెతకండి. 30×40 సైటు ఒకటి ఖాళీగా ఉంటే, బండి తిప్పుకునే దారి వదిలి 30 బైకుల దాకా పడతాయి. యజమానితో ఏడాదికి రాతపూర్వకంగా ఒప్పుకోండి: సంఘం శుభ్రంగా ఉంచుతుంది, అడిగిన 30 రోజుల్లో ఖాళీ చేస్తుంది, హక్కు ఏదీ కోరదు. ఈ చివరి మాట రాతలో లేకపోతే ఏ యజమానీ ఇవ్వడు. సైటు వాడకంలో ఉంటే చెత్త కూడా పడదు.

తర్వాతే పసుపు గీత. అంగడి ముందు 1.8 మీటర్లు కొలిచి, అంగళ్లవాళ్లే నిలబడి గీయించుకోవాలి. సరుకు బండ్లకు పొద్దున 6:30 నుంచి 8 లోపు, మధ్యాహ్నం 2 నుంచి 4 లోపు వేళలు పెట్టుకుంటే స్కూలు బస్సుల వేళ రోడ్డు తెరిపిగా ఉంటుంది. ఒప్పందం ఒకే పేజీ ఉండాలి, ముప్పై రోజుల ప్రయోగంగా మొదలుపెట్టాలి. శాశ్వతం అంటే ఎవరూ సంతకం పెట్టరు.

తోపుడు బండ్లు

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం చదవకుండా బండ్ల జోలికి వెళ్లొద్దు. తొలగించడానికైనా, చోటు మార్చడానికైనా 30 రోజుల ముందు నోటీసు ఉండాలి. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా ఇవ్వాలి. అడిగిన రోజే పాడయ్యే సరుకు, రెండు పనిదినాల్లో మిగతా సరుకు తిరిగి ఇవ్వాలి. ఏ చోట అమ్మవచ్చో తేల్చడంలో టౌన్ వెండింగ్ కమిటీది ముఖ్యమైన పాత్ర. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, నివాసుల సంఘాలకూ చోటుంది. ఆ చోటు అడగండి.

వీధిలో మాత్రం బండివాళ్లతో నేరుగా మాట్లాడుకోవడమే మేలు. ఇడ్లీ బండి ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఉంటే పదడుగులు జరగాలి. నూనె కాలువలో పోయకూడదు, 5 లీటర్ల డబ్బాలో పట్టి వాడిన నూనె కొనేవాళ్లకు ఇవ్వాలి. నూనె గడ్డకట్టి కాలువ మూసుకుపోతే మొదట మునిగేది వాళ్లు నిలబడే చోటే. వీధి వ్యాపారి సర్టిఫికెట్ లేనివాళ్లకు దరఖాస్తు నింపిపెట్టండి. బండి పోతే వీధి బాగుపడుతుందని అనుకునేవాళ్లు, రాత్రి తొమ్మిదింటికి ఆ బండి దీపం వల్ల మూల మీద ఎంత ధైర్యంగా నడవగలుగుతున్నారో ఆడపిల్లలను అడగాలి.

పీజీలు, నీళ్లు, శబ్దం

పీజీల మీద కోపం ఎక్కువ, కొలత తక్కువ. 2024 ఆగస్టులో బీబీఎంపీ ఇచ్చిన మార్గదర్శకాల్లో మనిషికి కనీసం 70 చదరపు అడుగుల చోటు, రోజుకు 135 లీటర్ల నీళ్లు, సీసీ కెమెరాలు, 24 గంటల కాపలా వంటివి ఉన్నాయి. ఈ లెక్కన 60 మంది ఉన్న పీజీకి రోజుకు 8,100 లీటర్లు కావాలి. 6,000 లీటర్ల ట్యాంకర్ ఒకటి చాలదు. తెల్లవారుజామున ట్యాంకర్ మోటారు మోత ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. సంపు చిన్నది కాబట్టి పెద్ద ట్యాంకర్ తెప్పించలేరు, అందుకే రెండు ట్రిప్పులు. సంపు పెంచితే, కావేరి కనెక్షన్ తీసుకుంటే ట్రిప్పులు తగ్గుతాయి. కావేరి ఐదో దశ 2024 అక్టోబరులో మొదలైంది, అది శివార్లలోని 110 గ్రామాల కోసం తలపెట్టిన పథకం. ట్యాంకర్ పొద్దున 6 తర్వాతే రావాలని యజమానితో రాయించుకోండి.

శబ్దానికి చట్టం స్పష్టంగా ఉంది. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి అంటే 10 నుంచి పొద్దున 6 వరకు, ఆ వేళ బహిరంగంగా లౌడ్‌స్పీకర్ కూడదు. ఫోన్ యాప్ కొలత అంచనాకే తప్ప సాక్ష్యానికి నిలవదు. తేదీ, వేళ, వీడియో ఉంచుకోండి. పదింటికి ముందే ఎదురుగా వెళ్లి చెప్పడం, పది దాటితే 112. ఈ నియమం గణపతి పందిరికీ, కన్నడ రాజ్యోత్సవానికీ, మన ఉగాదికీ ఒకేలా ఉండాలి. పండగను బట్టి మారితే తర్వాత బారు మీద ఫిర్యాదుకు బలం ఉండదు.

అంగళ్లకు సంఘం చేసిపెట్టాల్సినవి

అంగడివాళ్ల చేత చందా కట్టించుకుని వాళ్లకు ఏమీ చేయకపోతే రెండో ఏడు ఎవరూ కట్టరు. ఏడాదికోసారి, మార్చికి ముందే, ఒక ఆదివారం కాగితాల శిబిరం పెట్టండి. ట్రేడ్ లైసెన్సు పునరుద్ధరణ, తిండి అంగళ్లకు ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు గోడ మీద కనిపించేలా పెట్టడం, తూకాల ముద్ర, అగ్నిమాపక సిలిండర్ గడువు. బోర్డు సంగతి తెలుగు వ్యాపారులు ప్రత్యేకంగా చూసుకోవాలి. 2024 సవరణ ప్రకారం పేరు బోర్డులో 60 శాతం కన్నడ ఉండాలి. 'ఆంధ్రా మెస్' అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్దగా రాసి, కింద కన్నడ సన్నగా పెడితే నోటీసు వస్తుంది, వీధిలో మనసులూ నొచ్చుకుంటాయి. కన్నడ పైన, పెద్దగా. తెలుగు కింద ఉండనీయండి.

నివాస వీధిలో కొత్త అంగడి పెట్టేవాళ్లకు అడ్వాన్సు ఇచ్చే ముందే ఒక మాట చెప్పండి. ఆ స్థలం మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్, రోడ్డు వెడల్పు ఎంత అన్న దాన్ని బట్టి లైసెన్సు వస్తుంది. లక్షలు పెట్టి ఇంటీరియర్ చేయించాక తెలిస్తే ఆ కుటుంబం మునుగుతుంది.

అర్జీ రాసే తీరు

ఒక అర్జీలో ఒకే విషయం. ఒకే పేజీ. కన్నడలో. లోపల ఉండాల్సింది ఇలా:

'విషయం: 4వ క్రాస్‌లో కాలువ మీది రెండు పలకలు విరిగినవి. స్థలం: మెడికల్ షాపు ఎదుట, ఫలానా నంబరు లైటు స్తంభం నుంచి 3 అడుగులు. కొలత: ఒక్కొక్కటి 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు. ఎప్పటి నుంచి: ఫలానా తేదీ. అపాయం: పొద్దున 8 గంటలకు స్కూలు బస్సు ఇక్కడే ఆగుతుంది. కోరేది: రెండు పలకలు మార్చాలి, అప్పటివరకు బారికేడ్ పెట్టాలి. జత: మూడు ఫొటోలు, 1533 ఫిర్యాదు సంఖ్య.'

మెడికల్ షాపాయన, ఎదురింటాయన, పైన పీజీలో ఉండే ఒకరు, ఈ మూడు సంతకాలు వంద సంతకాల కంటే బాగా పనిచేస్తాయి. ఇంజినీరు ఫోన్ చేసి అడిగితే చోటు చూపించగలిగేది వాళ్లే. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. జవాబును రాతపూర్వకంగా, అంటే హింబరహగా అడగండి. నోటిమాటగా 'అవుతుంది' అన్నది రిజిస్టరులోకి ఎక్కదు.

ఏడో రోజు ఫోను. పదిహేనో రోజు స్వయంగా వెళ్లి కలవడం. ముప్పయ్యో రోజు పై అధికారికి, మొదటి అర్జీ నకలు జతచేసి. మీ వార్డులో వార్డు కమిటీ సమావేశం జరుగుతుంటే అక్కడ మినిట్స్‌లోకి ఎక్కించండి. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు: రుసుము 10 రూపాయలు, కర్ణాటకలో ఒకే విషయం, 150 పదాల లోపు. 'ఎందుకు చేయలేదు' అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే అది సమాచారం కాదు. 'ఫలానా తేదీ అర్జీ మీద తీసుకున్న చర్యల ఫైలు నకలు, ఈ రోడ్డు చివరి పనికి వర్క్ ఆర్డరు నకలు, కాంట్రాక్టరు బాధ్యత కాలం ఎప్పటిదాకా' అని కాగితాలు అడగండి. 30 రోజుల్లో రాకపోతే మొదటి అప్పీలు. బాధ్యత కాలంలో ఉన్న రోడ్డును కాంట్రాక్టరే బాగుచేయాలి కాబట్టి ఆ ఒక్క తేదీతో చాలా పనులు కదులుతాయి. పని జరిగినప్పుడు ఆ ఇంజినీరు పేరు మీద ధన్యవాదాల ఉత్తరం, ఫొటోతో, పై అధికారికి నకలు పంపండి. ఎవరూ పంపరు కాబట్టి గుర్తుంటుంది.

డబ్బు

నగదు వద్దు, అన్నీ ఖాతాలోకి. 2,000 రూపాయలు దాటిన ఖర్చుకు ముందుగా కమిటీ అనుమతి, ఇద్దరి సంతకాలు. ప్రతి నెలా 5వ తేదీలోపు రాబడి, ఖర్చు ఒక పేజీగా కిరాణా అంగడి గోడ మీద.

పండగ చందాను సంఘం ఖాతాతో కలపకండి. అంగళ్లకు సంఘం అంటే విసుగు పుట్టేది ఇక్కడే. గణేశుడికి ఒకసారి, అమ్మవారికి ఒకసారి, రాజ్యోత్సవానికి ఒకసారి ఎవరెవరో రసీదు పుస్తకంతో వస్తుంటే, చిన్న అంగడివాడికి మీరూ వాళ్లలో ఒకరే. పండగ కమిటీ వేరు, రసీదు వేరు, ఇవ్వడం ఇష్టం. ఇవ్వనివారి పేరు ఎక్కడా రాయరని సభలో తీర్మానం చేయండి.

వాట్సాప్ గ్రూపులు రెండు: ఒకటి కమిటీ ప్రకటనలకు మాత్రమే, రెండోది మాటలకు. ఏ అంగడి గురించైనా ఫిర్యాదు ముందు ఆ యజమానికి నేరుగా, 48 గంటల తర్వాతే గ్రూపులో. మనుషుల ముఖాలు కనిపించే ఫొటోలు పెట్టకూడదు.

ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన 14 రోజుల లోపు పాలకమండలి జాబితా, ఆడిట్ అయిన లెక్కలు రిజిస్ట్రార్‌కు చేరాలి. చాలా సంఘాలు ఇది రెండు మూడేళ్లు మరిచిపోయి, తర్వాత అపరాధ రుసుములతో తంటాలు పడతాయి. కొత్త కమిటీ బాధ్యత తీసుకునే రోజున ఉత్తరాల రిజిస్టరు, ముద్ర, పాన్, రిజిస్ట్రేషన్ మూలప్రతి, బ్యాంకు పాస్‌బుక్కు, లైటు స్తంభాల నంబర్ల నోటుబుక్కు, ఖాళీ సైటు ఒప్పందం అన్నీ జాబితా రాసి, ఇరువైపులా సంతకాలతో అప్పగించండి. బ్యాంకులో పాత సంతకాలు అదే వారంలో మార్పించండి.